డాష్ డాష్ వదిన

మా వదిన కంప్యూటర్‌లో ఏ ముక్క టైపు చేసినా పైకి చదవకుండా చెయ్యదు. చదవడమంటే గొణుక్కోవడం అనుకునేరు. ఆవిడ మూడో అంతస్తులో కూర్చుని "లిస్ట్!" అంటే కింద బైకుల దగ్గర కునుకు తీస్తున్న వాచ్‌మన్ లేచి నిలబడి టోపీ సర్దుకుంటాడు.

ఇంత రూఢిగా ఎలా చెబుతున్నానంటే, ఆవిడ ఎదురు సీటు నాదే. మా కంపెనీలో నాకు ఉద్యోగం వేయించింది కూడా వదినే. మరిదికి దారి చూపించిన మహాతల్లి అని అప్పట్లో ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. సీటు ఎక్కడ వేయించిందో చేరాకగాని తెలియలేదు.

మా కంపెనీ పని చెప్పుకోవడానికి తేలిక. ఊళ్లో నాలుగు వందల బస్టాపుల్లో ఎర్రక్షరాల బోర్డులున్నాయి. ఫలానా నంబరు బస్సు ఇంకా ఎన్ని నిమిషాల్లో వస్తుందో వాటి మీద పడుతుంది. ఆ నిమిషాలు లెక్కకట్టి బోర్డులకు పంపే కంప్యూటర్లు మా ఆఫీసులో ఉండవు. ఎక్కడో, ఎవరో కట్టిన పెద్ద పెద్ద షెడ్డుల్లో ఉంటాయి. మేం అద్దెకు వాడుకుంటాం. దాన్నే క్లౌడ్ అంటారు. ఈ మాట ఇంట్లో చెబితే మా అమ్మ, "మబ్బులో పనా? అయితే వాన పడితే సెలవా నాయనా?" అని ఆశగా అడిగింది.

ఆ కనబడని కంప్యూటర్లను ఆడించడానికి రెండు దారులున్నాయి. వెబ్‌పేజీ తెరిచి, రంగురంగుల బొమ్మల మీద మౌస్‌తో నొక్కడం ఒకటి. నల్లటి కిటికీ తెరిచి, కావలసింది ఆజ్ఞలా టైపు చెయ్యడం రెండోది. బుద్ధిమంతులు మొదటి దారిన పోతారు. వదిన సంగతి మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆవిడ మౌస్‌కి తోక చుట్టి సొరుగులో పెట్టేసింది. కాగితాలు ఎగిరిపోతున్నప్పుడు మాత్రం దాన్ని బయటికి తీసి వాటి మీద బరువుగా పెడుతుంది.

ఆ ఆజ్ఞల్లో ప్రతి షరతుకీ ముందు రెండు అడ్డగీతలు కొట్టాలి. వదిన వాటిని కూడా వదలదు.

"ఇన్‌స్టాన్సెస్ లిస్ట్! డాష్ డాష్ స్టేటస్ రన్నింగ్! డాష్ డాష్ అవుట్‌పుట్ టెక్స్ట్!"

పోనీ, అంతటితో ఆగుతుందా? మేం అద్దెకు తీసుకున్న మెషీన్లకి బోర్డు ఒకటి, బోర్డు రెండు అని పేర్లు. అవి చెప్పే జవాబు కూడా చదువుతుంది. "బోర్డు ఒకటి, నడుస్తోంది. బోర్డు రెండు, నడుస్తోంది. బోర్డు మూడు, నడుస్తోంది..."

"వదినా, అది మాకూ కనిపిస్తోంది," అన్నాను ఒకసారి.

"కనిపిస్తే చూసుకో. నేను చదువుకుంటాను. బోర్డు నాలుగు, నడుస్తోంది."

ఆఫీసులో ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు. డాష్ డాష్ మేడమ్. జీతం కాగితం మీద కూడా ఆ పేరే వేస్తారేమోనని నా భయం.

ఈ పారాయణానికి రెండే మినహాయింపులు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆవిడ ఠక్కున ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దానికి అలవాటులేని మేమంతా ఉలిక్కిపడి తలలెత్తి, "అయ్యో, ఏమైంది?" అన్నట్టు చూస్తాం. రెండోది డిలీట్. ఏదైనా పాత మెషీన్ని తీసెయ్యాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క మాటని మాత్రం పక్క సీటు దాకా వినబడేంత మెల్లగా అంటుంది.

"దానికెందుకమ్మా ఆ గుసగుస?" అని అడిగితే, "గట్టిగా అంటే మిగతావి బెదిరిపోవూ?" అంది, ఏమాత్రం నవ్వకుండా.

ఇంట్లో బతుకు ఇంతకంటే బాగుంటుందని ఎవరైనా అనుకుంటే వాళ్ల అమాయకత్వానికి నా జోహార్లు. మా అన్నయ్య పళ్ల డాక్టరు. పొద్దున్నించీ సాయంత్రం దాకా జనం చేత నోరు తెరిపించి, జవాబు చెప్పే వీల్లేకుండా కబుర్లు చెబుతాడు. ఆ పాపం ఊరికే పోదు కదా. ఇంటికి రాగానే జవాబు చెప్పే వీలు లేనిది ఆయనకే.

"గిన్నెలు కడుగు డాష్ డాష్ అన్నీ. డాష్ డాష్ ఇప్పుడే," అంటుంది వదిన.

"ఈ కాఫీ తాగి..."

"ఆ షరతు ఇందులో లేదు."

కంప్యూటర్ వాళ్ల దగ్గర 'డ్రై రన్' అని ఇంకో దిక్కుమాలిన ఆచారముంది. ఏదైనా పెద్ద పని నిజంగా చేసే ముందు ఉత్తుత్తిగా చేసి చూడటం. కిందటి వేసవిలో అందరం సముద్రం దగ్గరికి బయల్దేరాం. పెట్టెలు మోశాం, కారెక్కాం, ఇంటికి తాళం వేశాం. అమ్మ ముందు సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టుకుంది. వదిన కాగితం చూస్తూ "పెట్టెలు నాలుగు, ఉన్నాయి. మనుషులు నలుగురు, ఉన్నారు. తాళం, పడింది," అని చదివి, "బాగుంది. ఇక అందరూ దిగండి, నిజంగా బయల్దేరదాం," అంది. అన్నయ్య ఏమీ అనకుండా దిగి తాళం తీశాడు. కాపురం నిలబడాలంటే ఏం చెయ్యాలో ఆ రోజు ఆయన్ని చూసి నేర్చుకున్నాను. ఇంకా పెళ్లి చేసుకోలేదు.

ఇక మా ఆఫీసులో మౌని గారు. యాభై దాటిన మనిషి, వదినకి పక్క సీటు. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు, ముఖంలో ఎప్పుడూ ఒక ప్రశాంతత. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు కాబట్టి ఆ పేరు. రోజంతా పాటలు వింటూ జీతం తీసుకుంటున్న ధన్యజీవి అని మా అందరి నమ్మకం. డాష్ డాష్ మేడమ్ పక్కన కూర్చుని కూడా పిచ్చెక్కకుండా ఉన్నాడంటే అది ఆ పాటల మహిమే అనుకునేవాళ్లం. నేనైతే పొద్దున్నే ఆయన్ని చూసి అసూయపడి, ఆ తర్వాతే పని మొదలుపెట్టేవాణ్ని.

ఇలా ఉండగా మాకు కొత్త మేనేజర్ వచ్చాడు. ఆయనకి గ్రాఫులంటే ప్రాణం. గోడకి ఇంత పెద్ద తెర వేయించి, దాని మీద పచ్చగీతలు, ఎర్రగీతలు, గుండ్రటి ముక్కలు తిప్పించి, దూరంగా నిలబడి తన బిడ్డ తొలి అడుగులు చూసినట్టు చూసుకునేవాడు. అవి ఏం చెబుతున్నాయో అడిగితే మాత్రం, "మొత్తమ్మీద బాగానే ఉన్నట్టు చెబుతున్నాయి," అనేవాడు.

మేనేజర్ కొత్తగా ఉన్నప్పుడే ఫిర్యాదులు పెట్టుకోవాలని పెద్దలు చెప్పకపోయినా నాకు తెలుసు. నా పేరు ఎక్కడా పడకుండా కాగితం ఒకటి రాశాను. 'గౌరవనీయులైన మేనేజర్ గారికి, మూడో అంతస్తులో ఒక సీటు నుంచి వస్తున్న భరించరాని శబ్ధం వల్ల...' అని మొదలుపెట్టి పేజీన్నర. రాస్తుంటే నాకే కన్నీళ్లొచ్చాయి. రహస్యంగా తిప్పితే ఆరుగురు సంతకాలు పెట్టారు. వదిన భోజనానికి వెళ్లిన సమయం చూసి మౌని గారి దగ్గరికీ తీసుకెళ్లాను.

"ఏం రాశావో చదువు నాయనా," అన్నాడాయన ఒక ఇయర్‌ఫోన్ తీసి.

చదివాను. చాలా శ్రద్ధగా విన్నాడు.

"బాగా రాశావు. కానీ నాకేం ఇబ్బంది లేదు. నాకు బాగానే ఉంది," అని మళ్లీ ఇయర్‌ఫోన్ పెట్టేసుకున్నాడు.

పాటలు వినేవాడికి ఏం ఇబ్బందిలే అనుకుని వచ్చేశాను.

కాగితం పనిచేసింది. శుక్రవారం మేనేజర్ అందర్నీ నిలబెట్టి రెండు సంగతులు చెప్పాడు. సోమవారం నుంచి నల్లకిటికీలు బంద్. మెషీన్లు ఆపడం, నడపడం అంతా గోడ తెర మీద ఆ గీతలూ బొమ్మలూ తిప్పే కొత్త డాష్‌బోర్డు మీద మౌస్‌తోనే. రెండోది, డాష్ డాష్ మేడమ్‌కి నాలుగో అంతస్తులో పాత సామాన్ల గది శుభ్రం చేయించి, ప్రత్యేకంగా ఇస్తున్నారు.

వదిన విరుచుకుపడుతుందని మేమంతా చెవులు మూసుకోబోయాం. ఆవిడ ముఖం మాత్రం పాలిపోయింది.

"మౌని గారి సీటు కూడా పైకి మారుస్తారా సార్?"

"ఆయనెందుకు మేడమ్? ఆయనేం చప్పుడు చెయ్యరుగా!"

అందరూ నవ్వారు. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

సోమవారం డాష్‌బోర్డు అభ్యాసం. ఒక్కొక్కరే తెర దగ్గరికి వెళ్లి, మేనేజర్ చెప్పిన బొమ్మ మీద నొక్కి చూపించాలి. నలుగురయ్యాక, "మౌని గారూ, రండి. ఆ మూలనున్న ఎర్రబొమ్మ నొక్కండి," అన్నాడు మేనేజర్. మౌని గారు కుర్చీలోంచి సగం లేచాడు. అంతలో వదిన మధ్యలో దూరింది.

"ముందు నేను సార్! నాకు మౌస్ అలవాటు తప్పింది. మెల్లగా నేర్చుకోవాలి."

తర్వాత జరిగింది చెబితే నమ్మరు. ఆ తెర మీదున్న ప్రతి ముక్కనూ ఆవిడ పైకి చదివింది. పచ్చగీత పైకి పోతోంది అంది. ఎర్రగీత కిందకి దిగుతోంది అంది. దిగింది కాబట్టి ఇప్పుడు ఇంతకుముందు చదివింది తప్పయిందని మళ్లీ మొదటినుంచి చదివింది. నలభై నిమిషాలు. మేనేజర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఆ తర్వాత తల పట్టుకున్నాడు. చివరికి, "మిగతావాళ్లది గురువారం చూద్దాం," అని లేచిపోయాడు.

"ఎందుకమ్మా పరువు తీస్తావు?" అన్నాను మెట్ల దగ్గర.

"నీ పరువుకేం మరిదీ, నిక్షేపంలా ఉంటుంది. నువ్వెప్పుడూ దాన్ని వాడవుగా," అని సామాన్ల గదికి వెళ్లిపోయింది.

మర్నాడు వదిన సెలవు పెట్టింది. ఏడాదిగా వాయిదా వేస్తున్న జ్ఞానదంతం పీకించుకుంటానంది. "ఎలాగూ నా నోటితో ఆఫీసుకి పని లేదుగా," అంటూ పొద్దున్నే అన్నయ్యతో కలిసి క్లినిక్‌కి వెళ్లింది. నేను ఆఫీసుకి ఈల వేసుకుంటూ వెళ్లాను.

పది దాటి పది నిమిషాలకు ఫోన్లు మొదలయ్యాయి. ఊళ్లో ఉన్న నాలుగు వందల బోర్డుల మీదా ఒకటే అంకె: తొంభై తొమ్మిది. ఏ బస్సు కోసం నిలబడినా తొంభై తొమ్మిది నిమిషాలే. జనం బస్సు కళ్లెదుట ఆగి ఉన్నా ఎక్కకుండా బోర్డు వంక చూస్తున్నారట. పరీక్షలకు వెళ్లాల్సిన పిల్లలు, ఆసుపత్రికి వెళ్లాల్సిన ముసలివాళ్లు ఆటోల వెంట పడుతున్నారట.

మేనేజర్ డాష్‌బోర్డు తెరిచాడు. తెరుచుకోలేదు. మధ్యలో ఒక చక్రం తిరుగుతూ కూర్చుంది. తెలిసింది తర్వాత గానీ, అసలు దోషి ఆ డాష్‌బోర్డే. గీతలు అందంగా కదలడం కోసం సెకనుకోసారి ప్రతి మెషీన్నీ "నువ్వెలా ఉన్నావు, నువ్వెలా ఉన్నావు" అని అడుగుతోంది. కుశలప్రశ్నలకి జవాబులు చెప్పీ చెప్పీ మెషీన్లు సొమ్మసిల్లిపోయాయి. ఎనిమిది మంది ఎనిమిది మౌసులు పట్టుకుని ఆ తిరిగే చక్రం మీదే టకటకా నొక్కాం. చక్రం మాత్రం ఏ తొందరా లేకుండా తిరిగింది.

"మీ వదినకి ఫోన్ చెయ్యవయ్యా!" అన్నాడు మేనేజర్. నిన్నటిదాకా ఆవిడ మా వదిన అన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టే లేదు.

చేశాను. అన్నయ్య ఎత్తాడు.

"ఒరేయ్, ఇప్పుడే పీకాను. నోటి నిండా దూది. సగం ముఖం మొద్దుబారి ఉంది. ఆవిడ మాట్లాడలేదు."

"ఒక్క మాట అన్నయ్యా, ప్రాణం మీదికొచ్చింది!"

ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. నేను సంగతంతా చెప్పాను. అవతలి నుంచి, "మ్మ్ మ్మ్! మ్మ్ మ్మ్మ్!" అని వచ్చింది. అంత దూరంలో కూడా గట్టిగానే వచ్చింది.

"ఏమంటోంది?"

అన్నయ్యకి పాతికేళ్లుగా ఆ భాషలోనే వృత్తి. ఠక్కున అనువాదం చేశాడు. "మౌని గారికి అప్పజెప్పమంటోంది. ఇంకేదో కూడా అంటోంది... మీరెవరూ దేన్నీ ముట్టుకోకుండా నోరు మూసుకుని కూర్చోవాలట."

అందరం మౌని గారి వైపు తిరిగాం. ఆయన అప్పటికే కుర్చీ ముందుకు లాక్కుని కీబోర్డు మీద చేతులు పెట్టాడు. నల్లకిటికీలు బంద్ అని మేనేజర్ గుర్తుచెయ్యలేదు. మౌని గారు ఒకసారి గొంతు సవరించుకుని, రెండేళ్లలో మేమెవరం విననంత గట్టిగా మొదలుపెట్టాడు.

"ఇన్‌స్టాన్సెస్ లిస్ట్. డాష్ డాష్ అవుట్‌పుట్ టెక్స్ట్." ఇయర్‌ఫోన్‌లో ఏదో విన్నాడు. "డాష్‌బోర్డు మెషీన్, స్టాప్." మళ్లీ విన్నాడు. "బోర్డు ఒకటి, రీస్టార్ట్. బోర్డు రెండు, రీస్టార్ట్..."

ఎక్కడా తడబాటు లేదు. చూపు మాత్రం కిటికీ అవతల ఎక్కడో ఉంది. ఏం చేస్తున్నాడో చూద్దామని ఆయన భుజం మీదుగా వంగాను. స్క్రీన్ నల్లగా ఉంది. నల్లకిటికీ కాదు, మొత్తం స్క్రీనే నల్లగా ఉంది.

"సార్... మీ స్క్రీన్ ఆపేసి ఉంది!"

"దాంతో నాకేం పని నాయనా? బోర్డు ఆరు, రీస్టార్ట్."

ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టాడు. పాట లేదు. పిచ్చుకల గుంపు ఒక్కసారి ఎగిరినట్టు గలగలమని ఏదో గొంతు, ఊపిరి తీసుకోకుండా, తెర మీద రావలసిన మాటలన్నీ చదివేస్తోంది. నాకు నాలుగు మాటలకి ఒకటి అందింది. ఆయన వేళ్లు దాని వెంటే పరిగెత్తుతున్నాయి.

పది ఇరవై తొమ్మిదికి బోర్డుల మీద నిమిషాలు తిరిగొచ్చాయి. అందరం ఆ ఆరిపోయిన స్క్రీన్‌కేసి చూస్తూ ఉండిపోయాం.

"రెండేళ్లయింది చూపు తగ్గడం మొదలై," అన్నాడు మౌని గారు మామూలుగా. "ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప పెద్దగా ఏం తెలియదు. మొదట్లో ఒకరోజు కాఫీ కప్పులో అనుకుని కప్పు పక్కన పోశాను. ఈ నాయన వాళ్ల వదిన చూసింది. ఏమీ అడగలేదు. బల్ల తుడిచి కూర్చుంది. మర్నాటి నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది."

"మరి... ఎవరికైనా చెప్పాల్సింది కదండీ," అన్నాడు మేనేజర్.

"ఉద్యోగం పోతుందని కాదు సార్. జాలిపడతారని. జాలిపడ్డవాళ్లు పని చెప్పరు. ఈ అమ్మాయి ఒక్కతే నాకు రెట్టింపు పని చెప్పింది. బొమ్మలు నాకు వినబడవు, మాటలు వినబడతాయి. అందుకని పనంతా మాటల్లోకి మార్చింది. చదివే సాఫ్ట్‌వేర్ వెతికి తెచ్చి నేర్పించింది. మేమిద్దరం చూసేవి అవే మెషీన్లు. తను దేని మీద చెయ్యి వేసిందో నాకు తెలియాలిగా? అందుకే ఇప్పటికీ చదువుతుంది. నిన్న సాయంత్రం మాత్రం నామీద కోప్పడింది. 'గురువారం మళ్లీ నలభై నిమిషాలు చదివే ఓపిక నాకు లేదు, మీ సంగతి మీరే చెప్పుకోండి' అని సెలవు పెట్టేసింది."

మేనేజర్ వెళ్లి గోడ మీది తెర స్విచ్చి తనే ఆపేశాడు.

"కళ్లున్న ఎనిమిది మందిమి చూస్తూ చూస్తూ చెయ్యలేకపోయాం. మీరు చూడకుండా చేశారు," అన్నాడు. "ఇక్కడ ఎవరైనా జాలిపడాలంటే నామీద పడండి. మౌని గారూ, ఆ ఆజ్ఞలేవో నాకూ నేర్పుతారా?"

"నేర్పుతాను. గట్టిగా చదవాలి మరి."

సాయంత్రం నేరుగా ఇంటికి వెళ్లాను. వదిన బుగ్గ మీద మంచుముక్కల సంచి పెట్టుకుని సోఫాలో కూర్చుంది. ఒక వైపు బుగ్గ బూరెలా పొంగి ఉంది. ఎదురుగా నిలబడి, రెండు చేతులూ కట్టుకుని, "వదినా, ఆ ఫిర్యాదు కాగితం..." అన్నాను.

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. పక్కనున్న నోట్‌బుక్ అందుకుని రాసి చూపించింది. 'తెలుసు. మేనేజర్ బల్ల మీద చూశాను. శబ్దానికి ధ ఒత్తు పెట్టేది మన ఆఫీసులో నువ్వొక్కడివే.'

అన్నయ్య అది చదివి పగలబడి నవ్వాడు. "ఏడాది నుంచి నన్ను కూడా కళ్లు మూసుకుని టైపు చెయ్యమని చంపుతోందిరా! వినేవాడు ఎక్కడ తికమకపడతాడో చూడాలట. నేను పళ్లు పీకేవాణ్ని, నాకెందుకే అంటే వినదు."

"నాకెందుకు చెప్పలేదు మీరిద్దరూ?"

వదిన మళ్లీ రాసింది. 'నీకు చెబితే ఊరికి చెప్పినట్టే. అది నా రహస్యం కాదుగా.'

వాపు తగ్గాక వదిన మూడో అంతస్తుకు తిరిగొచ్చింది. వచ్చిన వారానికి ఇంకో ఉపద్రవం తెచ్చింది. మౌని గారు రోజూ బస్టాపులో, తను నడిపించే బోర్డు కిందే నిలబడి, పక్కవాళ్లని "నా బస్సు ఎన్ని నిమిషాల్లో ఉంది బాబూ?" అని అడుగుతాడట. ఇదెక్కడి న్యాయం అంది వదిన. బోర్డులు మాట్లాడాలంది. మేనేజర్ సరేనన్నాడు. గొంతు ఎవరిది పెట్టాలా అని మీటింగు పెట్టారు. ముగ్గురు నలుగురి గొంతులు విన్నారు. బస్టాపు రొదలో అవేవీ చాలలేదు. ఒక్కటే చాలింది. చాలడమేమిటి, మిగిలింది.

ఇప్పుడు నాలుగు వందల బస్టాపుల్లో మా వదినే. ఇంట్లో గది తలుపు వేసుకోవచ్చు, ఆఫీసులో సెలవు పెట్టొచ్చు. ఊరు వదిలి ఎక్కడికి పోను? నిన్న వానలో తడుస్తూ బస్టాపులోకి పరిగెత్తానో లేదో, నెత్తిమీంచి ఉరిమింది.

"నలభై రెండో నంబరు! పన్నెండు నిమిషాలు! వరసలో నిలబడండి!"

"సరే వదినా," అన్నాను, నాకు తెలియకుండానే.

పక్కనున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, గొడుగు విప్పుకుని, రెండడుగులు వానలోకే జరిగి నిలబడ్డాడు.